సాంకేతిక వేదిక: వేళకు పని, పనికి సాక్ష్యం

గత సంచికలో అద్దె సర్వర్లను గురించి ముచ్చటించుకున్నాము. ఒకే యంత్రంపై వందలాది వెబ్‌సైట్లు కాపురముండే ఏర్పాటును షేర్డ్ హోస్టింగ్ అంటారు. ఖర్చు తక్కువ కనుక మన ఉద్యోగుల కుటుంబాలలో చీరల వ్యాపారమో, ట్యూషన్ కేంద్రమో, కాలనీ సంక్షేమ సంఘమో నడిపేవారు దీనినే ఆశ్రయిస్తున్నారు. మనం నిద్రించే వేళ, మన ప్రమేయం లేకుండా ఆ యంత్రం చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి. ఆనాటి లెక్కలకు నకలు తీసి భద్రపరచడం, బకాయిలను గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపడం వంటివి. ఇవి తప్పక జరిగేలా చూడడం ఎలాగన్నదే ఈ నెల విషయం.

యూనిక్స్ వంశానికి చెందిన యంత్రాలలో ఈ బాధ్యత వహించే ప్రోగ్రాము పేరు క్రాన్. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఇది ఉన్నది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడులు నింపి, ఎదురుగా చేయవలసిన పని వ్రాస్తే చాలు. వేళ కాగానే క్రాన్ ఆ పనిని ప్రారంభిస్తుంది. ‘ప్రారంభిస్తుంది’ అన్న మాటను పాఠకులు గమనింతురు గాక. పని సక్రమంగా ముగిసినదో లేదో విచారించడం దాని విధి కాదు. ఆ వేళకు యంత్రమే ఆగిపోయి ఉంటే, తప్పిన పనిని తరువాత చేయించడం కూడా సాధారణంగా దాని విధి కాదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఉమ్మడి యంత్రంలో మన పనికి కలిగే చిక్కులు మూడు. మొదటిది గడియారం. అనేక సర్వర్లు సార్వత్రిక కాలమానాన్ని పాటిస్తాయి. రాత్రి 2 గంటలకని మనం వ్రాసిన పని ఇక్కడ ఉదయం 7 గంటల 30 నిమిషాలకు మొదలవుతుంది. మనకు రాత్రి 2 గంటలకే కావాలంటే అక్కడ 20 గంటల 30 నిమిషాలని వ్రాయాలి. రెండవది రద్దీ. అందరూ సరిగ్గా అర్ధరాత్రినే కోరుకుంటారు. 2 గంటల 17 నిమిషాల వంటి బేసి వేళను ఎంచుకోవడం మేలు. మూడవది పరిమితి. కేటాయించిన కాలాన్నీ మెమొరీనీ మించిన పనిని యంత్రం యజమాని నిర్దాక్షిణ్యంగా ఆపివేస్తాడు. కనుక పెద్ద పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, ఎంతవరకు అయినదో వ్రాసిపెట్టుకోవాలి.

వర్డ్‌ప్రెస్ వాడేవారికి మరొక హెచ్చరిక. అందులోని అంతర్గత క్రాన్ మామూలుగా ఎవరైనా వెబ్‌సైటును దర్శించినప్పుడే మేల్కొంటుంది. గేటు తట్టితేగాని లేవని కాపలాదారు వంటిది. రాత్రంతా ఎవరూ రాకపోతే రాత్రి పని తెల్లవారినా జరగదు.

ఇక ఐదు నిమిషాలకొకసారి చేయమన్న పనికి ఏడు నిమిషాలు పడితే ఏమవుతుంది? మొదటిది ముగియకముందే రెండవది బయలుదేరుతుంది. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖకు చేరవేసే కిరండూల్–కొత్తవలస మార్గంలో, ఒంటి పట్టాలున్నచోట రెండు స్టేషన్ల నడుమ ఒక బండి ఉండగా మరొక దానిని పంపరు. మన పనికీ అటువంటి తాళం వేయాలి. అంతేకాక, ఒకే పని పొరపాటున రెండుమార్లు జరిగినా ఫలితం మారరాదు. బకాయి ఉత్తరం రెండుసార్లు వెళితే నవ్వుకుంటారు; జమ రెండుసార్లు పడితే నవ్వరు.

ఇవన్నీ చేసినా అసలు ప్రమాదం మిగిలే ఉంటుంది. అది నిశ్శబ్దం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసును చెరిపివేశారు. నకళ్ళ కోసం వెదికితే భద్రపరచిన చోటు ఖాళీగా ఉన్నది. వేళకు ప్రారంభమవుతున్న నకలు పని, ప్రోగ్రాము కూర్పులు పొసగక విఫలమవుతూ వచ్చింది. వైఫల్యాన్ని తెలిపే మెయిళ్ళను కూడా స్వీకర్త సర్వరు తిరస్కరిస్తూ వచ్చింది. మరొక అవసరానికి సుమారు ఆరు గంటల ముందు తీసిన నకలు ఉన్నందున నష్టం ఆ ఆరు గంటల సమాచారానికే పరిమితమైనది. ఈ వివరాలను ఆ సంస్థయే దాచకుండా ప్రకటించింది. ఆరితేరినవారికే ఇట్లు జరిగినప్పుడు, మన సంఘపు చందాల లెక్క గాని, పిల్లల మార్కుల పట్టిక గాని ఏ పాటి భద్రం?

దీనికి పరిష్కారం మన రైలు పట్టాలపైనే ఉన్నది. వర్షాకాలంలో రాత్రివేళ గస్తీ సిబ్బంది చేతిదీపంతో పట్టాలు చూసుకుంటూ నడుస్తారు. పరిధి చివర అవతలి వైపు వ్యక్తితో గస్తీ పుస్తకం మార్చుకుంటారు. స్టేషన్ మాస్టరు సంతకం చేస్తారు. గస్తీ మనిషి వేళకు రాకపోతే ‘అంతా క్షేమమే’ అని స్టేషన్ మాస్టరు అనుకోరు. దారిలో ఏదో జరిగిందని భావించి, బండ్లను నెమ్మదిగా నడపమని కాషన్ ఆర్డరు ఇస్తారు. అక్కడ రాకపోవడమే వార్త.

మన పని కూడా అట్లే ముగింపున వేరొక యంత్రానికి ‘అయినది’ అని కబురు పంపాలి. నిర్ణీత వేళకు కబురు రాకపోతే ఆ యంత్రం మన ఫోనుకు హెచ్చరిక పంపాలి. ఇటువంటి సేవలు చిన్న అవసరాలకు ఉచితంగానే లభిస్తున్నాయి. కబురు అందుకునే యంత్రం మాత్రం వేరుగా ఉండాలి. పడిపోయిన సర్వరు తాను పడిపోయానని చెప్పలేదు కదా!

చివరిగా, నెలకొకసారి ఆ నకలును మరొకచోట తెరచి, నిన్నటి లెక్క అందులో ఉన్నదో లేదో కళ్ళారా చూడాలి. ఇంటిలో కంప్యూటరు నేర్చిన పిల్లలకు ఈ పని అప్పగిస్తే వారికి విద్య, మనకు నిశ్చింత. వచ్చే సంచికలో పాస్‌వర్డుల భద్రతను గురించి ముచ్చటించుకుందాము.