అరచేతిలో రచ్చబండ

పల్లెటూళ్ళో రచ్చబండ అంటే పనిలేనివాళ్ళు కూర్చునే చోటని పట్నవాసులకు ఒక అపోహ వుంది. నిజానికి వూరికి కావలసిన చదువులో సగం అక్కడే సాగేది. ఎవరి చేలో ఏ పురుగు పడింది, దానికి ఎవరు ఏం చేశారు, ఏ విత్తనం మొలవలేదు, ఏ వడ్రంగి చేతిపని నిలుస్తుంది - ఇవన్నీ ఒకరి నోట ఒకరు విని నేర్చుకునేవారు. పశువుల రోగం తెలిసినవాడూ, పంచాంగం చూడడం వచ్చినవాడూ అక్కడే దొరికేవారు. జీతం కట్టనక్కరలేదు; పరీక్ష అసలే లేదు.

ఆ రచ్చబండ ఇప్పుడు అరచేతిలోకి వచ్చింది. 2009లో పుట్టిన వాట్సాప్‌లో ఇవాళ ఒక్కొక్క గ్రూపుకు 1024 మంది దాకా చేరవచ్చు. ఏ వూరి రావిచెట్టు కిందా అంతమంది పట్టరు. పట్టినా, అందరూ ఒక్కసారే నోరు విప్పితే ఎలా వుంటుందో మన గ్రూపులు కొన్ని అలాగే వున్నాయి. తెల్లవారగానే శుభోదయాలు, గులాబీలు, దేవుడి పటాలు. మధ్యాహ్నానికి పుట్టినరోజు దండాలు. ఈ సందట్లో ఎవరో పాపం తన వృత్తికి సంబంధించి ఒక సందేహం అడుగుతారు. సాయంత్రానికి అది పువ్వుల కింద కప్పడిపోతుంది.

"అయితే ఈ గ్రూపులు మానెయ్యమంటారా?" అని మీరు అడగవచ్చు. అలా అనను. చిన్న వూళ్ళో ఉద్యోగం చేసేవాడికి వీటి విలువ ఎంతో పట్నంలో వున్నవాళ్ళకు ఊహకు అందదు.

మా బోథ్ సంగతే చూడండి. ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున వున్న మండల కేంద్రం. పొచ్చెర జలపాతం చూడడానికి వచ్చేవాళ్ళకు తప్ప పైవాళ్ళకు మా వూరి పేరు అంతగా తెలియదు. ఇలాంటి చోట చిన్న కాలేజీలో చరిత్రకు ఒకరు, రసాయనశాస్త్రానికి ఒకరు, తెలుగుకు ఒకరు. పాఠంలో ఒక సమాసం దగ్గర అనుమానం వస్తే పక్క గదిలో వున్న రసాయనశాస్త్రం ఆయన ఏం చెబుతారు? ఎంత స్నేహితులైనా టీ ఇప్పిస్తారు గాని విగ్రహవాక్యం చెప్పలేరు గదా! పూర్వం ఆ అనుమానాన్ని ఏడాది పొడుగునా దాచుకుని, పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపులో బయట పెట్టేవాళ్ళం. జిల్లాలోని తెలుగువాళ్ళందరం కలిసేది ఆ నాలుగు రోజులే. మధ్యాహ్నం అన్నాల దగ్గర జరిగిన ఆ చర్చలే మాకు పునశ్చరణ తరగతులు.

ఇప్పుడు అలా కాచుకోనక్కరలేదు. ఈమధ్య మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒకాయన ఇలా అడిగారు: "మా క్లాసులో గోండు పిల్లలూ కొలాం పిల్లలూ వున్నారు. ఖ, ఘ, థ, ధ వంటి అక్షరాలు పలకడంలోనూ రాయడంలోనూ తడబడుతున్నారు. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఏం చెయ్యాలి?"

అయిదారుగురు ఓదార్చారు. ఇద్దరు మొక్కుతున్న చేతుల బొమ్మ పెట్టారు. గిరిజన పాఠశాలలో చాలాకాలం పనిచేసిన ఒకావిడ మాత్రం నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. అది పిల్లల తప్పు కాదు, వాళ్ళ భాషల్లో ఈ ఒత్తు అక్షరాలకు పుట్టుకతో చోటు లేదు. ఆ మాటకొస్తే అచ్చ తెలుగుకూ లేదు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్క చెప్పిన ముప్పయ్యారు వర్ణాల్లో మహాప్రాణాలు లేవు. కనుక ఆ మాటలను సంస్కృతం నుంచి వచ్చిన చుట్టాలుగా విడిగా జాబితా రాయించండి, చదివించండి. "నీకు నోరు తిరగదు" అని మాత్రం అనకండి - ఇదీ ఆవిడ సలహా.

బాలవ్యాకరణం మేమందరం చదివినదే. దాన్ని గోండు పిల్లవాడి నోటితో ముడిపెట్టి చూడడం ఆవిడకే తట్టింది. బోథ్ అనే మా వూరి పేరులోనే ఒక మహాప్రాణం వుంది. దాన్ని "బోత్" అనే పిల్లవాడు మొద్దు కాదని తెలిస్తే, వాడు బడి మానకుండా వుండడానికి అదొక కారణం కావచ్చు. పంతుళ్ళు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటే చివరకు ఆ లాభం వచ్చి చేరేది ఇలాంటి పిల్లవాడికే.

పంతులు పంతులుకు నేర్పడం మా ప్రాంతంలో కొత్త విషయం కూడా కాదు. 1943లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు నిజాం ప్రభుత్వం తరఫున మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు. ఆ వూరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో వుంది. అప్పటికి చదువు వచ్చిన గోండులు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. ఆ కొద్దిమందికే నేర్పి, వాళ్ళచేత మరికొందరికి నేర్పించారు. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. అక్కడ నేర్చినవాళ్ళు గూడేలకు వెళ్ళి బడులు నడిపారు. ఫోను లేదు, రోడ్డు కూడా అంతంతమాత్రం. అయినా నేర్చుకున్నది వాచకంగా అచ్చయింది కనుక పంతులు మారినా పాఠం నిలిచింది.

"అచ్చయింది కనుక" అన్న మాటమీద ఒక్క క్షణం ఆగుదాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆ మాటలోనే వుంది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు ఏం చేశారో తెలుగువాళ్ళకు తెలిసినదే. 1926లో తాము మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ద్వారా వూరూరి కవుల రచనలూ వివరాలూ సేకరించారు. ఎవరికి వారు తమకు తెలిసినవాళ్ళ సంగతి పంపారు. ఆ కాలానికి అదే గ్రూపు అనుకోండి. ప్రతాపరెడ్డిగారు వచ్చిన ఉత్తరాలు చదువుకుని సంతోషించి వూరుకోలేదు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ ఉత్తరాలు ఉత్తరాలుగానే వుండిపోతే, చెదలు తిన్నాక ఆ కవులు లేరన్నవాడి మాటే నిజమైపోయేది.

చెదలు కాగితానికే గాని ఫోనుకు పట్టవని అనుకుంటున్నారా? మరో ముచ్చట వినండి. వాట్సాప్ రాకముందు యాహూ గ్రూపులని వుండేవి. అందులో "రచ్చబండ", "ఛందస్సు" అనే పేర్లతో తెలుగువాళ్ళు రెండు గ్రూపులు నడిపారు. అమెరికాలో వున్నవాళ్ళూ, ఇక్కడివాళ్ళూ, ఇంజనీర్లూ, శాస్త్రవేత్తలూ, తెలుగు పండితులూ చేరి పద్యాల నడక గురించీ పదాల పుట్టుక గురించీ ఏళ్ళతరబడి వాదించుకున్నారు. తెలుగులో ఎమ్మే చదివినవాళ్ళు సైతం చెవి ఒగ్గి వినదగిన చర్చలు. 2019 చివర యాహూవాళ్ళు గ్రూపుల్లోని పాత సరుకంతా తీసేస్తామని ప్రకటించారు; 2020 డిసెంబరుతో గ్రూపులనే మూసేశారు. ఎవరైనా ముందుచూపుతో దాచుకున్నది మిగిలింది. తక్కినది మన చెయ్యి దాటిపోయింది.

కాని అదే కాలంలో, 1998లో, అమెరికా తెలుగువాళ్ళు "ఈమాట" అనే అంతర్జాల పత్రిక మొదలుపెట్టారు. ఛందస్సు గ్రూపు నడిపిన జెజ్జాల కృష్ణమోహన రావుగారు వృత్తిరీత్యా శాస్త్రవేత్త; ఛందస్సుమీద ఆయన ఆ పత్రికలో ఎన్నో వ్యాసాలు రాశారు. అవి ఇవాళ్టికీ చదువుకోవచ్చు. పద్యపాఠం చెప్పవలసిన లెక్చరరుకు అవి ఎంత అక్కరకు వస్తాయో నాకు తెలుసు. మాటగా వున్నది మాయమైంది, వ్యాసంగా కూర్చినది నిలిచింది.

ఇది తెలుగు ఒక్కదాని గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు దాదాపు 29 లక్షల 84 వేలమంది. కొలామీకి మాత్రం లక్షా ఇరవై ఎనిమిది వేలమందే. మా చుట్టుపక్కల గూడేల్లో ముసలివాళ్ళ నోట్లో వున్న కొలామీ మాటలు కొన్ని మనవల నోట్లో లేవు. మాటలు ఇలా జారిపోతున్న కాలంలో మా జిల్లాలో రెండు మంచి పనులు జరిగాయి. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన గోండీ వ్రాతప్రతుల లిపిని పండితులు, ఆ వూరి పెద్దల సాయంతో చదివి వెలుగులోకి తెచ్చారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే కంప్యూటరులోనూ ఫోనులోనూ ఆ అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే గుర్తింపు ఏర్పడింది. ఇక రెండోది: ఆదిలాబాద్ జిల్లా ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు తొడసం కైలాస్‌గారు కృత్రిమ మేధ ఉపకరణాలు తామే నేర్చుకుని కొలామీలోనూ మరికొన్ని భాషల్లోనూ పాటలు తయారుచేసి సోషల్ మీడియాలో పెట్టారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి "మన్ కీ బాత్"లో ఆయన పేరు చెప్పారు. ఫోను అందరి చేతిలోనూ వున్నదే. ఆయన దానితో తమ పిల్లలు వినగలిగే వస్తువు ఒకటి చేశారు. తేడా అక్కడే వుంది.

పంతుళ్ళ సంగతి మాకెందుకని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోవచ్చు. మీ ఇంట్లోనే చూడండి. అబ్బాయికి ఆఫీసు గ్రూపు, కోడలికి నర్సుల గ్రూపు, అమ్మాయికి కుట్టుపని గ్రూపు, పల్లెలో అన్నగారికి పత్తి రైతుల గ్రూపు. గులాబీ రంగు పురుగు తొలిచిన కాయను ఫోటో తీసి పంపితే గంటలో వ్యవసాయాధికారి జవాబు వస్తున్నది. అదే గ్రూపులో ఎవరో పేరులేని మనిషి రాసిన మందు కూడా వస్తున్నది. రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. 2018లో వాట్సాప్‌వాళ్ళు మన దేశంలో ఒక సందేశాన్ని అయిదు చోట్లకు మించి ఒక్కసారిగా ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టారు. చేతులు మారి మారి వచ్చిన సందేశాన్ని 2020 నుంచి ఒక్కసారికి ఒక్క చోటికే పంపనిస్తున్నారు. కట్టడి వాళ్ళు పెట్టారు సరే, "ఇది మీకెలా తెలిసింది?" అని అడగవలసిన పని మనది.

అంచేత గ్రూపుల్లో వున్నవాళ్ళకు, ముఖ్యంగా నా తోటి ఉపాధ్యాయులకు, నాలుగు మాటలు మనవి చేస్తాను.

సందేహం అడిగేటప్పుడు పూర్తిగా అడగండి: ఏ తరగతి, ఏ పాఠం, ఎక్కడ చిక్కు. "వ్యాకరణం పిల్లలకు రావడంలేదు" అంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? జవాబు చెప్పేవారు ఏ పుస్తకంలో, ఏ పేజీలో వుందో కూడా చెప్పండి. చేతిలో పుస్తకం లేకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఎన్నో నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. నవ్వు పుట్టించేదని పిల్లవాడి జవాబు పత్రాన్ని పేరుతో సహా గ్రూపులో పెట్టకండి. వాడు మనల్ని నమ్మి రాసిన కాగితం అది. ఆ నవ్వు సాయంత్రానికి వాడి వీధికి చేరుతుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. నెలకొకరు వంతు వేసుకుని, ఆ నెలలో వచ్చిన మంచి ప్రశ్నలూ జవాబులూ ఏరి ఒకచోట రాయండి. నోటుబుక్కు అయినా సరే, కంప్యూటరు అయినా సరే. ఆధారం చూపగలిగిన విషయమైతే తెలుగు వికీపీడియాలో పెట్టండి. 2003 డిసెంబరులో మొదలై, జీతం బత్తెం లేని తెలుగువాళ్ళ చేతులమీదుగా అది లక్ష వ్యాసాలు దాటింది. అక్కడ రాసేవాళ్ళు కలిసి మాట్లాడుకునే పేజీకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసునా? రచ్చబండ! అక్కడ కూడా వాదాలు వున్నాయి, అలకలు వున్నాయి. అయితే వాదం ముగిశాక వ్యాసం మిగులుతుంది.

ఒత్తు అక్షరాల సంగతి చెప్పిన ఆవిడ వచ్చే ఏడు ఉద్యోగ విరమణ చేస్తారట. గ్రూపులో అప్పుడే పూలగుత్తులు మొదలైనాయి. పూలగుత్తులు పంపవలసిందే. వాటితోపాటు, ఆవిడ ఇన్నేళ్ళుగా అందరికీ ఇచ్చిన జవాబులు ఎవరి ఫోనులో ఏవి వుంటే అవి పంపించమని నేను అడిగాను. ఇప్పటికి పదిహేడు వచ్చాయి. ఇంకా రావలసినవి ఎన్నో వున్నాయి.