నల్లజాతి ట్రాన్స్‌జెండర్లకు వైద్యం ఎక్కడ ఆగిపోతోంది?

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2019-20లో అట్లాంటా, న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ సహా ఏడు నగరాల్లో ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు హెచ్ఐవీ పరీక్షలు చేయించింది. వైరస్ ఉన్నట్టు తేలినవారు తెల్లజాతిలో 17 శాతం. నల్లజాతిలో 62 శాతం.

'వాళ్ల బ్రతుకే అలాంటిది, ఫలం అనుభవిస్తున్నారు' అనే మాట మన సంఘాల్లో చాలామంది నోట సులువుగా వస్తుంది. కానీ ఆ లెక్క ఇక్కడ కుదరదు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్లే, ఇద్దరూ అవే నగరాలవారు. బ్రతుకు తీరే కారణమైతే, వైరస్ చర్మం రంగు చూసి ఎందుకు పట్టుకుంటుంది?

అమెరికాలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా ఉద్యోగంతో వస్తుంది. 27 వేలమందికి పైగా ట్రాన్స్‌జెండర్లు పాల్గొన్న 2015 జాతీయ సర్వేలో నల్లజాతివారిలో 38 శాతం పేదరికంలో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 12 శాతమే. పేదలకిచ్చే మెడికెయిడ్‌ను టెక్సాస్, జార్జియా, అలబామా, మిసిసిపీ వంటి రాష్ట్రాలు పూర్తిగా విస్తరించలేదు. నల్లజాతివారు ఎక్కువగా నివసించేది ఆ దక్షిణాదిలోనే.

డబ్బు సమకూరినా భయం పోదు. అవమానిస్తారేమోనని, అవసరమైనప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెళ్లలేదని అదే సర్వేలో 23 శాతం చెప్పారు. నల్లజాతివారికి ఈ భయం పాతది. టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, ప్రభుత్వ వైద్యులే రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు.

1995 ఆగస్టులో వాషింగ్టన్‌లో టైరా హంటర్ అనే 24 ఏళ్ల నల్లజాతి ట్రాన్స్‌జెండర్ స్త్రీ కారు ప్రమాదంలో గాయపడింది. చికిత్స మొదలుపెట్టిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు, ఆమె శరీరం చూసి చెయ్యి వెనక్కి తీసుకుని హేళన చేశారని చుట్టూ ఉన్నవారు సాక్ష్యమిచ్చారు. ఆమె ఆసుపత్రిలో చనిపోయింది. 1998లో జ్యూరీ ఆమె తల్లికి దాదాపు 29 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. పరిహారం కోర్టు ఇవ్వగలిగింది, బిడ్డను కాదు.

లింగమార్పిడి విషయంలో వాక్యం ఏం చెబుతుందన్న చర్చ మనలో ఉంది, ఇకపైనా ఉంటుంది. నెత్తురు కారుతున్న మనిషి మాత్రం ఆ చర్చ ముగిసేదాకా ఆగలేడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుని రథం దగ్గరికి ఫిలిప్పు పరుగెత్తి వెళ్లాడు. అడిగింది ఒక్కటే ప్రశ్న, అదీ అతడు చదువుతున్నదాని గురించి. (మన ప్రసంగాల్లో ఆ మనిషిని 'మంత్రి' అనేసి దాటిపోవడం అలవాటైంది.)

మన తెలుగు సంఘాల బిడ్డలు ఎందరో ఆ దేశపు ఆసుపత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా పనిచేస్తున్నారు. హెచ్ఐవీ మందులు రోజూ వేసుకుంటే వైరస్ అణిగిపోతుంది, భాగస్వామికి సోకదు. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. కౌంటరు దగ్గర పేరు పిలిచేటప్పుడు పదిమందిలో నవ్వులపాలైన రోగి, మరుసటి నెల మందులకు రాకపోవచ్చు.