వాటాల యింటికి వీధిగుమ్మం

క్లాసులో ప్రబంధాలు చెప్పుకునే తెలుగు మేష్టరుకి కంప్యూటరు కార్డులతో పనేమిటని మీరడగవచ్చు. నిరుటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ పాటలు పోయిన తరవాతగాని నాకు తెలిసిరాలేదు.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ వుండగా పెళ్ళిపాటలూ, మంగళహారతులూ, అత్తవారింటికి వెళ్ళే పిల్లకు పాడే అప్పగింతల పాటలూ నలభై కేసెట్లలో పట్టివుంచాను. కేసెట్లకు బూజు పట్టడం మొదలుపెట్టగానే అన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. నేను పోగుచేసిన పాత పుస్తకాల పుటలు కూడా అందులోనే వున్నాయి. అన్నీ కలిపి సుమారు 300 గిగాబైట్లు.

"అన్నీ ఒక్కచోటే వుంటే ప్రమాదం మామయ్యా" అని, ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు ఒక పాత ఆఫీసు కంప్యూటరు తెచ్చి, దానిమీద ప్రాక్స్‌మాక్స్ అనేది వేసి, మేడమెట్ల కింద పెట్టాడు.

ఆ యేర్పాటు అర్థం కావాలంటే వాటాలకిచ్చిన పెద్దిల్లు తలుచుకోండి. ఇల్లొకటే, కాపురాలు మూడు. ఒక వాటాలో నా ఫైళ్ళు, ఒక వాటాలో మా ఆవిడ ఫోటోలు, మూడోదాంట్లో మావాడి లినక్సు ప్రయోగాలు. ఎవరి వంట వారిదే. కాని వీధిగుమ్మం మాత్రం అందరికీ ఒక్కటే. ఆ వీధిగుమ్మమే నెట్‌వర్కు కార్డు. గుమ్మంలోంచి లోపలికొచ్చిన వాళ్ళను ఏ వాటాకు పోవాలో ఆ వాటాకు పంపే నడవ ఒకటి వుంటుంది. దాన్ని బ్రిడ్జి అంటారు.

కంప్యూటరుతోబాటే వచ్చిన ఆ గుమ్మం, చిన్న పనులకు చక్కగా తెరుచుకునేది. రాత్రి లాప్‌టాప్‌లో కొత్తగా చేరినవన్నీ అవతలికి మోసే వేళకు మాత్రం సగంలో మూగబోయేది. కాసేపటికి దానంతటదే లేచేది. పొద్దున్న చూస్తే దీపం పచ్చగానే వెలుగుతుండేది. వరసలో ముందున్న పుటలు వెళ్ళేవి. చివరనున్న పాటల వంతు వచ్చేసరికి దారి మూసుకుపోయేది. ఇది మేమెవరమూ కనిపెట్టలేదు. ఒకనాడు లాప్‌టాప్‌లో డిస్కు చచ్చిపోయింది. పోనీలే, ఇంకొకచోట వున్నాయిగదా అని ధీమాగా తెరిచి చూస్తే నలభై కేసెట్లలో ముప్ఫయ్యొకటే వున్నాయి. అసలు కేసెట్లను అప్పటికే బూజు తినేసింది. అప్పగింతల పాటలు ఆ పోయిన తొమ్మిదింటిలోనే వున్నాయి.

మావాడు సెలవులకు వచ్చి, తప్పు తనదేనన్నట్టు తలవంచుకు కూర్చున్నాడు. "ముందు రోగమేమిటో తేల్చరా" అన్నాను. తీగె మార్చాడు. స్విచ్చిలో వేరే రంధ్రానికి తగిలించాడు. డ్రైవరు కొత్తది వేశాడు. బరువు పడితే మళ్ళీ అదే మూగనోము. అప్పుడుగాని కార్డు మార్చాలన్న నిర్ణయానికి రాలేదు. ఈ వరస తప్పవద్దు సుమా. తీగె పాడైతే కార్డు కొని లాభంలేదు.

ఇక యే కార్డు? మావాడు పది గిగాబిట్లదే కావాలన్నాడు. నేను కాగితం, పెన్సిలూ తీశాను. గిగాబిట్ దారిలో సెకనుకి దాదాపు 110 మెగాబైట్లు నడుస్తాయి. నా 300 గిగాబైట్లూ మొత్తంగా మోసినా ముప్పావుగంట. మా డిస్కు తిరిగే వేగమే సెకనుకి 150 మెగాబైట్లు. అంచేత పది గిగాబిట్ల రాజమార్గం వేసినా అరగంట పైచిలుకు పట్టక మానదు. నేను గుర్రుపెట్టి నిద్రపోయే వేళలో పన్నెండు నిమిషాలు కలిసివస్తే యెవరికి? పైగా రాగి తీగెమీద నడిచే పది గిగాబిట్ల కార్డులు బాగా వేడెక్కుతాయి. రాత్రింబవళ్ళు వెలిగే పెట్టె పది వాట్లు అదనంగా తాగితే యేడాదికి 88 యూనిట్లు.

"అయితే రెండున్నర గిగాబిట్లది?" అన్నాడు. అది మంచి మాటే. 2016లో వచ్చిన ఆ పద్ధతి గోడల్లో వున్న పాత క్యాట్ 5ఇ తీగెలమీదే నడుస్తుంది. కాని అవతలి స్విచ్చి కూడా అదే వేగానిది కావాలి. మాది కాదు.

చివరికి ఇంటెల్ ఐ350 రకంలో రెండు రంధ్రాలది ఖాయం చేశాం. కొత్తదేమీ కాదు. అదే దాని గుణం. లినక్సులో దాని డ్రైవరు యేళ్ళ తరబడి నలిగినది. ఒక రంధ్రం ఇంటికి, రెండోది తనకు ప్రత్యేకంగా వుంచుకోవచ్చునని మావాడి ఆశ. నడవతో పనిలేకుండా ఒక వాటాకు సొంత గుమ్మం ఇచ్చెయ్యవచ్చు. దానికి ప్రాసెసరూ, మదరుబోర్డూ కూడా ఒప్పుకోవాలి. ఎస్‌ఆర్-ఐఓవి అనే యేర్పాటుతో ఒకే గుమ్మానికి దిడ్డితలుపులు కొన్ని పెట్టి, వాటాకొకటి పంచవచ్చు కూడా. ఇంటర్నెట్టును కాపలాకాసే రౌటరును సైతం అందులో ఒక వాటాలో పెడతానన్నాడు. "ఆ పెట్టె ఆగిననాడు ఇల్లంతటికీ ఇంటర్నెట్టు ఆగుతుందా?" అని మా ఆవిడ వంటింట్లోంచి ఒక్క ప్రశ్న వేసింది. ఆ పథకం అక్కడితో వాయిదా పడింది.

కొనేటప్పుడు మరో రెండు చిక్కులున్నాయి. ఈ రకానికి నకిలీలు విరివిగా వున్నాయి. మరీ చవగ్గా వస్తే అనుమానించండి. రెండోది, కొలత. కార్డు పొట్టిదైనా పొడుగు గాడిలో పడుతుంది; పొడుగుది పొట్టి గాడిలో మామూలుగా పట్టదు. గాడి చూసుకున్నాంగాని వెనకరేకు చూసుకోలేదు. మా సన్నపెట్టెకు పొట్టిరేకు కావాలి, వచ్చింది పొడుగురేకు. దానికోసం మరో వారం ఆగాం.

బిగించిన రాత్రి మావాడు ఐపెర్ఫ్ అనే పరీక్ష ఆరుగంటలు నడిపాడు. 940 మెగాబిట్లకు అటూయిటూగా గీత గీసినట్టు నిలిచింది. అయినా ఈసారి దీపాన్ని నమ్మలేదు. ప్రతి రాత్రీ అటు యెన్ని, ఇటు యెన్ని, రెండూ ఒక్కటేనా అని లెక్క చూసి పొద్దున్నే నా ఫోనుకు ఒక ముక్క పంపేలా రాయించాను. కాఫీ తాగుతూ మొదట చదివేది అదే.

మా పిన్ని వుంది. డెబ్బయ్యెనిమిదేళ్ళు. అమ్మతో కలిసి అప్పగింతలు పాడిన మనిషి. "గొంతు పోయిందిరా అబ్బాయీ, మాటలు మాత్రం వున్నాయి" అంది ఫోనులో. వచ్చే ఆదివారం రికార్డరు పట్టుకుని వెడుతున్నాను.