బొమ్మల గోడలు సరే, బిడ్డ సంగతేమిటి?

నేరానికి గురైన పిల్లల కోసం మన దగ్గర ఏర్పాట్లే లేవని ఎవరూ అనలేరు. 2012లో పోక్సో చట్టం వచ్చింది. 2015లో సఖి కేంద్రాలు మొదలయ్యాయి. 2016లో హైదరాబాదు పోలీసులు భరోసా కేంద్రాన్ని తెరిచారు. వైద్యం, వాంగ్మూలం, న్యాయసలహా ఒకే కప్పు కింద అందాలన్నది దాని ఆశయం. ఆశయం గొప్పదే. నా తగవల్లా దానిని కొలిచే కొలబద్దతోనే.

ఎన్ని కేసులు వచ్చాయి, ఎందరికి కౌన్సెలింగ్ ఇచ్చారు, గోడల మీద ఎంత చక్కని బొమ్మలు వేయించారు: మనకు వినిపించే లెక్కలివి. ఇవి కేంద్రం చేసిన పనిని చెబుతాయి గాని, బిడ్డకు కలిగిన మేలును చెప్పవు.

జరిగిన ఘోరాన్ని ఆ బిడ్డ ఎందరి ముందు, ఎన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చింది? వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండరాదనీ, సాక్ష్యానికి బిడ్డను పదేపదే పిలవరాదనీ చట్టమే అంటోంది. శిశు సంక్షేమ సమితి సిఫారసు అందిన వారంలోగా తక్షణ సాయం ఇవ్వాలని 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. అది ఎన్నో రోజున చేతికందింది? విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలి. ముగిసేనాటికి ఆ బిడ్డ బడిలోనే ఉందా?

అన్నిటికన్నా ముఖ్యం సహాయక వ్యక్తి. కూలి మానుకుని కోర్టు వరండాలో నిలబడ్డ తల్లికి వాయిదా ఎందుకు పడిందో విడమరచి చెప్పవలసిన మనిషి. ఈ సాయం ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, దాని బాధ్యత అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ జిల్లాలో ఒక్కొక్క సహాయక వ్యక్తి ఎందరు పిల్లలను చూస్తున్నారు?

మరొక మాట. పోక్సోకు ఆడపిల్ల, మగపిల్లవాడన్న భేదం లేదు. సఖి పథకం మాత్రం స్త్రీలకూ బాలికలకూ ఉద్దేశించినది. మరి ఆ పిల్లవాడు ఏ గుమ్మం తొక్కాలి?

గోప్యత వల్ల వివరాలు చెప్పలేమంటారు. పేర్లు చెప్పరాదు, నిజమే. ఎన్ని రోజులు పట్టిందన్న లెక్కకు పేరూ ఊరూ ఉండవు కదా! సిబ్బంది లేరంటారు. ఎన్ని ఖాళీలున్నాయో అదైనా బయటపెట్టాలి.

2005 నుంచీ మన చేతిలో సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు పెట్టండి. పేర్లు అడగకండి, రోజులు అడగండి.