చేతిని చూడని పరీక్ష

ఒకరికి వెల్డింగ్ పని వచ్చో రాదో తెలుసుకోవాలంటే ఏం చేయాలి? రెండు ఇనుప పలకలు ఇచ్చి అతకమనాలి. ఆ అతుకు మీదుగా ఒక పట్టీ కోసి, వంచి చూడాలి. పగిలితే ఇంకా నేర్చుకోవాలి, పగలకపోతే పని వచ్చినట్టే. వంచి చూసే ఆ పట్టీకి మన కులం తెలియదు, భాష తెలియదు, మనది గూడెమో పట్నమో తెలియదు. ఇంత సూటి సంగతిని ఎన్ని వంకర్లు తిప్పారో చూడాలంటే సికింద్రాబాదు దాకా వెళ్లాలి.

సికింద్రాబాదు దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం. లాలాగూడ వర్క్‌షాపు నిజాం రైల్వే కాలం నాటిది. ఐటీఐ పాసైన మన పిల్లలకు అప్రెంటిస్ అనగానే ముందు గుర్తొచ్చేది ఇక్కడి రైల్వేయే. 2024 డిసెంబరులో ఇక్కడి రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్ 4,232 మంది అప్రెంటిస్‌ల కోసం ప్రకటన ఇచ్చింది. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలన్నారు. మరి ఎంపిక ఎట్లా? పదో తరగతి మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు తీస్తారు. అంతే. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. చేతికి ఆకురాయి ఇచ్చి ఒక్క ముక్క అరగదీయమన్నవాళ్లు లేరు.

ఇది చిన్న విషయం కాదు. ఈ అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు రైల్వే లెవెల్-1 ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అంటే ఇది ఒక కుటుంబం బతుకు మారే గడప.

లెక్క వేసి చూద్దాం. ఉట్నూరు వైపు గూడెంలో గోండి మాట్లాడుతూ పెరిగిన అబ్బాయి ఆశ్రమ పాఠశాలలో తెలుగు నేర్చుకుంటూనే పది గట్టెక్కాడు. వచ్చింది 56 శాతం. ఐటీఐలో చేయి తిరిగింది, 95 తెచ్చుకున్నాడు. పట్నం అబ్బాయికి పదిలో 92, ఐటీఐలో 65. మొదటివాడి సగటు 75.5, రెండోవాడిది 78.5. ఫిట్టర్‌గా మెరుగైనవాడు బయట నిలబడ్డాడు. రెండేళ్లు వర్క్‌షాపులో పడిన చెమటకు సగం విలువ, పదిహేనేళ్ల వయసులో రాసిన హిందీ, సాంఘిక శాస్త్రం పేపర్లకు మిగతా సగం విలువ!

ఆ పది మార్కులైనా అంత నమ్మదగినవా? 2021లో కరోనా వల్ల తెలంగాణలో పది పరీక్షలే జరగలేదు. బడిలో పెట్టిన చిన్న పరీక్షను బట్టి గ్రేడ్లు ఇచ్చారు. 2 లక్షల మందికి పైగా 10కి 10 జీపీఏ వచ్చింది. రాయని పరీక్ష మార్కులను నమ్మే వ్యవస్థ, కళ్లముందు చేసి చూపిస్తానన్న చేతిని మాత్రం నమ్మదు.

"మీకు రిజర్వేషన్ ఉంది కదా" అంటారు. ఉంది, అది మన హక్కు. కానీ రిజర్వేషన్ సీట్ల లోపల కూడా వరస కట్టేది ఈ సగటుతోనే. మనలోనే బడికి దగ్గరగా పుట్టినవాళ్లు ముందుకు, దూరంగా పుట్టినవాళ్లు వెనక్కి. కొలాం పిల్లలు, చెంచు పిల్లలు ఆ వరసలో ఎక్కడ ఉంటారో చెప్పాలా?

ఇంకో మాట కూడా అంటారు: "ప్రాక్టికల్ పరీక్షలంటే సిఫార్సులు, చేతులు తడపడం. మార్కుల లెక్కలో ఆ గోల ఉండదు." ప్రాక్టికల్స్‌లో మోసం జరగదని నేను అనను. కానీ తూకంలో మోసం ఉందని తక్కెడ విరగ్గొట్టి, బస్తాను కంటితో చూసి ధర కడతామా? తూకాన్ని నలుగురి ముందు పెట్టాలి. జర్మనీలో వృత్తి పరీక్ష బోర్డులో యజమానుల ప్రతినిధులు ఎందరో కార్మికుల ప్రతినిధులూ అందరే ఉంటారు, వృత్తి బడి ఉపాధ్యాయుడూ ఉంటాడు. పని తెలిసినవాళ్ల కళ్లు అన్ని ఉన్నప్పుడు ఒక్కడి సిఫార్సు చెల్లడం కష్టం.

అంత దూరం పోనక్కర్లేదు. జైనూరు దగ్గర ఉషేగాంలో మన ఓజ కళాకారులు ఇత్తడి పోత పోస్తారు. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి, కాల్చి, కరిగిన లోహం పోస్తారు. అచ్చు పగలగొట్టాకే పని బయటపడుతుంది. ఎక్కడో గాలి నిలిచిపోతే బొమ్మకు చిల్లు కనబడుతుంది. అక్కడి పెద్దలు నేర్చుకునేవాణ్ణి నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించమనరు. బొమ్మ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తప్పు ఎక్కడో వేలు పెట్టి చూపిస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు ఇచ్చిన ప్రభుత్వం, దాని వెనకున్న ఈ పరీక్ష పద్ధతిని మాత్రం నేర్చుకోలేదు.

ఇప్పుడు ఉపాధ్యాయులతో ఒక మాట. ఐటీఐ నిబంధనల్లో ప్రాక్టికల్ పాస్ కావాలంటే 60 శాతం రావాలి, థియరీకి 33 చాలు. అంటే చేతిపనే ముఖ్యమని నిబంధనే ఒప్పుకుంది. ఏడాది పొడవునా ఇచ్చే మార్కులకు ఆధారాలను వచ్చే పరీక్ష దాకా భద్రపరచాలని సిలబస్ పుస్తకంలోనే ఉంది. విద్యార్థి చేసిన జాబ్, రికార్డు పుస్తకం, అన్నీ ఆ ఆధారాల్లోవే. వాటిని దాచండి, అడిగినవాళ్లకు చూపించండి. జాబ్ చేయని పిల్లవాడికి "పాపం, ఏజెన్సీ పిల్లవాడు" అని మార్కులు వేయకండి. అది దయ కాదు, దోపిడీ. రేపు వర్క్‌షాపులో అతని అతుకు పగిలితే మీ పేరు ఎవరూ ఎత్తరు. "వీళ్లకు పని రాదు" అని మన జాతుల పేరే ఎత్తుతారు. ఆ మాట అతని వెనక వచ్చే పదిమందికి తలుపు మూస్తుంది.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కొత్త యంత్రాలు రానివ్వండి. కానీ యంత్రం ముందు నిలబడిన పిల్లవాడి పనిని చూసే పద్ధతి పాతదే అయితే, ఆ యంత్రాలు రిబ్బన్ కత్తిరించడానికే పనికొస్తాయి.

మనం అడగాల్సింది మూడే. పదో తరగతిని దరఖాస్తుకు అర్హతగానే ఉంచండి, వరస కట్టడానికి వాడకండి. అప్రెంటిస్ ఎంపికలో ఒక పూట చేతిపని పరీక్ష పెట్టండి. చేసినవాడి పేరు కనబడకుండా ముక్క మీద నంబరు మాత్రమే వేసి, ఆ పనిలో ఏళ్లు గడిపిన కార్మికుడి చేత కూడా దిద్దించండి. దిద్దాక ఆ ముక్కను, అందులోని తప్పును విద్యార్థికి చూపించండి.

యువకులారా, మీరూ ఒక పని చేయాలి. మార్కుల మెమో తీసుకుని వచ్చేయకండి. నా జాబ్ ఏది, దానిలో తప్పేది అని అడగండి. అరగదీసిన ముక్కకు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, సందులోంచి వెలుగు కనబడితే తప్పు మీది. సరిదిద్దుకోండి. వెలుగు రాకపోతే, ఆ ముక్క పట్టుకుని సికింద్రాబాదు వెళ్లి, దీన్ని చూసి మాట్లాడమని అడిగే హక్కు మీకుంది. జాలి మార్కులు అక్కర్లేదు. కఠినమైన పరీక్షే పెట్టండి, కానీ మా చేతులకు పెట్టండి.