నాన్నకూ కావాలి ఆ పూట

హైదరాబాద్ ఐటీ ప్రాంతం నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో ఏడాదిన్నర బిడ్డ ఉన్న ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది. టీవీ రిమోట్ బియ్యం డబ్బాలో దొరుకుతుంది. వంటింట్లో కందిపప్పు నేలపాలవుతుంది. అమ్మమ్మ కంగారుగా ఊడుస్తుంటే, ఆ బుడతడు చీపురు పట్టుకుని తానూ ఊడుస్తానంటాడు. అది కళ్లారా చూడాల్సిన తల్లిదండ్రులు ఆఫీసు కాల్‌లో ఉంటారు.

ఈ తీరు మారాలి.

ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. తండ్రి మాటేమిటి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి ఆ సవరణ ఒక్క రోజూ ఇవ్వలేదు.

ఇలా అమ్మానాన్నలకు తీరిక లేని ఇంట్లో పిల్లల చేతికి ఫోన్ వస్తుంది. ఏడాది పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఐటీ సంస్థలు శిశు సంరక్షణ కేంద్రాల్లో పురుష ఉద్యోగుల పిల్లలకూ చోటివ్వాలి. సాయంత్రం ఆరు దాటాక మీటింగులు పెట్టకూడదు. పితృత్వ సెలవును ప్రభుత్వం చట్టంలో చేర్చాలి.