బోధన పరిశోధనకు భారమా?

అమెరికా విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి. కొరకు చేరే తెలుగు విద్యార్థులలో అనేకులకు తొలి జీవనాధారం టీచింగ్ అసిస్టెంటు ఉద్యోగమే. నిన్నటివరకు బెంచీపై కూర్చుని నోట్సు వ్రాసుకున్న విద్యార్థి నేడు బల్ల ముందు నిలబడి భౌతికశాస్త్రమో, గణితమో బోధించాలి. ఈ పనిని పరిశోధనకు ఆటంకంగా, ఫీజు మినహాయింపు కొరకు చేసే వెట్టిచాకిరిగా భావించేవారు లేకపోలేదు. అది సరియైన దృష్టి కాదు.

తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో మనిషికి స్పష్టపడేది ఇతరులకు వివరించవలసి వచ్చినప్పుడే. సమీకరణాన్ని బల్లపై వ్రాయడం సులభం, "ఇది ఎందువలన?" అని ఒక విద్యార్థి అడిగినప్పుడే అసలు పరీక్ష. పృచ్ఛకులు లేనిదే అవధానం లేదు. ప్రశ్న లేనిదే పాఠమూ లేదు. ప్రశ్నను ధిక్కారంగా తలచే తరగతులలో పెరిగినవారికి ఈ మార్పు కష్టమే అయినా అత్యవసరం.

ఇది కేవలం ఆదర్శం కాదు. విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్, గణిత బోధనపై జరిగిన 225 అధ్యయనాలను స్కాట్ ఫ్రీమన్ బృందం క్రోడీకరించి 2014లో ప్రచురించింది. కేవలం ఉపన్యాసం సాగిన తరగతులలో సగటున 33.8 శాతం తప్పగా, విద్యార్థుల చేత ఆలోచింపజేసి, చర్చింపజేసిన తరగతులలో తప్పినవారు 21.8 శాతమే.

ఇక సభాకంపం. ప్రిన్స్‌టన్‌లో పరిశోధక విద్యార్థిగా రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన తొలి సెమినారుకు ఐన్‌స్టీన్, పౌలీ వంటి ఉద్దండులు విచ్చేశారు. కాగితాలు తీస్తుండగా చేతులు వణికాయనీ, విషయంలోకి దిగగానే భయం తొలగిపోయిందనీ ఆయనే తరువాత చెప్పుకున్నాడు. బైండింగు పనివాడుగా జీవితం ఆరంభించిన మైకేల్ ఫారడే ప్రత్యేకంగా గురువు వద్ద వక్తృత్వం అభ్యసించాడు. కొవ్వొత్తిని గురించి ఆయన బాలబాలికలకు ఇచ్చిన ఉపన్యాసాలు 1861లో గ్రంథరూపం దాల్చాయి. వాగ్ధాటి పుట్టుకతో రానక్కరలేదు, సాధనతో అలవడుతుంది.

ఆ సాధనకు తెలుగు సంఘాలు వేదిక కల్పించగలవు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ఆరంభించిన పోటీలో పరిశోధకుడు ఒకే స్లైడుతో, మూడే నిమిషాలలో తన పరిశోధనను సామాన్యులకు వివరించాలి. ఉగాది సభలో నృత్యగీతాల నడుమ అటువంటి మూడు నిమిషాలు కేటాయిస్తే నష్టమేమి? అది తెలుగులోనే సాగాలి. ముందు వరుసలోని అమ్మమ్మకు బోధపడేలా తన పరిశోధనను చెప్పగలిగిన విద్యార్థికి తన విషయంపై పట్టు చిక్కినట్లే. ఆ ప్రయత్నంలో కొత్త భావాలకు మాటలు వెదకుకొని తెలుగు భాష కూడా ఒక మెట్టు ఎక్కుతుంది.